మూకీ నటుడికి ఎల్లలెక్కడ?

పలమనేరు దాటితే కన్నడం, నగరి దాటితే తమిళం వినబడే మన చిత్తూరు వైపు వాళ్లకు మూకీ నటుల కథ ఇట్టే అర్థమవుతుంది. టాకీ వచ్చి నటుడికి గొంతిచ్చిందంటారు. ఇచ్చింది, దాంతోపాటే ఎల్లలూ గీసింది. 1920ల మొదట్లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే ఇంగ్లీషు అమ్మాయి. ఆమెకు తెలుగు వచ్చా అని అడిగే అవసరమే లేదు. టాకీలు వచ్చేసరికి బొంబాయిలో మూకీల రాణి సులోచన అంతటిది హిందీ నేర్చుకోవడానికి కొన్నాళ్లు తెరకు దూరమైంది.

మన పొరుగున నెల్లూరులో పుట్టిన వై.వి. రావు సంగతి చూడండి. ‘గరుడ గర్వభంగం’ లాంటి మూకీల్లో ఆయన నటుడు. అక్కడ డైలాగు అట్ట తెర మీద పడకముందే కోపమో జాలో కనుబొమ్మల్లో, భుజాల్లో తెలిసిపోవాలి. ఆ పనితనానికి భాషతో నిమిత్తం లేదు. టాకీ వచ్చాక నటుడిగా పోయిన ఆ స్వేచ్ఛను రావు డైరెక్టరుగా తిరిగి సంపాదించుకున్నారని నా అభిప్రాయం. 1934లో కన్నడంలో మొదట విడుదలైన టాకీ ‘సతీ సులోచన’ ఆయన తీసిందే, అందులో లక్ష్మణుడూ ఆయనే. 1937లో తమిళంలో ‘చింతామణి’, 1939లో తెలుగులో ‘మళ్ళీ పెళ్ళి’. మూడు భాషల్లో ఇలా తిరిగిన మనిషిని టాకీ మింగేసిందనడం కుదరదు. అయితే మొహాన్నే నమ్ముకున్నవాళ్లందరికీ డైరెక్టరు కుర్చీ దొరకదు కదా!

మూకీ మాత్రం ఏం మూగది, హాల్లో ఒకడు నిలబడి అట్టలు చదివి చెప్పేవాడు గదా అనొచ్చు. చెప్పేవాడు ఊరికొకడు, తెర మీది మనిషి మాత్రం అన్ని ఊళ్లకూ ఒక్కడే. దీనికన్నా గట్టి ఆక్షేపణ మన నాగయ్య. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో ఆరితేరి, 1938లో ‘గృహలక్ష్మి’తో తెరకెక్కి, తెలుగులోనూ తమిళంలోనూ మెప్పించాడాయన. టాకీ ఆయన్నేం కట్టేయలేదే? నిజమే, కానీ ఆయన్ని ఎల్ల దాటించినదాంట్లో పాటదే పెద్ద వాటా. పాట రానివాడికి ఆ దారి లేదు. ఆ నాగయ్యనే 1940లో ‘విశ్వమోహిని’లో డైరెక్టు చేసిన రావు, మరుసటి ఏడు తమిళ ‘సావిత్రి’లో నారదుడి వేషానికి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిని తెచ్చారు. మూకీలో ఎదిగిన మనిషే గొంతుకు అంత విలువ కట్టారు మరి. అదే సినిమాలో సావిత్రిగా వేసిన మరాఠీ నటి శాంతా ఆప్టే ఆ వేషం కోసం తమిళం నేర్చుకోవాల్సి వచ్చింది.