పూవుకు కోట ఉపమానం చాలునా?

మొక్కల రోగనిరోధకతను బోధించేటప్పుడు ఒక ఉపమానం తరచు వినిపిస్తుంది. మొక్క ఒక కోట. ఆకు మీది మైనపు పొర, కణకవచం దాని ప్రాకారాలు. బూజులు, వైరసులు శత్రుసేన. మొక్క తయారుచేసుకొనే ప్రోటీనులు కోటలోని సైనికులు. ఈ పోలిక ఉపాధ్యాయునికి చెప్పటానికి సులభం, విద్యార్థికి గుర్తుండిపోతుంది. ఆకు విషయంలో చాలవరకు సరిపోతుంది కూడా. కాని పూవు దగ్గరకు వచ్చేసరికి అది దారి తప్పిస్తుంది. గోదావరి డెల్టాకు చిరపరిచితమైన రెండు పైర్లు, పొగాకు, వరి, ఈ సంగతిని స్పష్టంగా చూపుతాయి.

ముందుగా పోలికలోని మంచిని ఒప్పుకోవాలి. పొగాకు కుటుంబానికి చెందిన నికోటియానా గ్లూటినోసా అనే మొక్క ఆకుకు మొజాయిక్ వైరసు సోకితే, సోకిన చోటి కణాలు తమంతట తామే చనిపోతాయి. ఆకు మీద చిన్న మచ్చ మిగులుతుంది; వైరసు ఆ మచ్చ దాటి పోలేదు. హోమ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1938లో ఈ గుణాన్ని సంకరణం ద్వారా సాగు పొగాకులోకి తెచ్చాడు. దీనికి మూలమైన ‘ఎన్’ జన్యువును 1994లో వేరుచేశారు. శత్రువు చొరబడిన బురుజును తగులబెట్టి తక్కిన కోటను కాపాడుకొన్నట్లే గదా ఇది!

పూవుకు ఈ యుద్ధనీతి ఎంతవరకు చెల్లుతుంది? ఆకులో కొన్ని వందల కణాలు పోయినా మొక్కకు పెద్ద లోటు లేదు. వరి పూవులో అండం ఒక్కటే ఉంటుంది. అది పోతే గింజ పోయినట్లే. ఇది ఉపమానంలోని మొదటి లోపం.

రెండవ లోపం ద్వారానికి సంబంధించినది. కోట తలుపులు మూసుకొంటుంది. పూవు మూసుకొని కూర్చుంటే దాని పనే సాగదు. పుప్పొడి రేణువు బయటినుంచి వచ్చేదే. కీలాగ్రం దానిని రానివ్వాలి. దాని నాళం అండాశయం దాకా పెరగనివ్వాలి. ఇంచుమించు అదే తీరున పోగులు సాచి పెరిగే బూజును మాత్రం ఆపాలి. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న ఈ వివేచన కోటగోడకు లేదు.

మూడవ లోపం కాలానికి సంబంధించినది. శత్రువు వచ్చిన తరువాత సైనికులు మేలుకొంటారని ఉపమానం చెబుతుంది. వైరసు సోకిన పొగాకు ఆకులలో కొన్ని కొత్త ప్రోటీనులు పుడతాయని 1970లో తెలిసినప్పుడు ఈ భావానికి బలం చేకూరింది. కాని 1989లో ఇజ్రాయిల్ శాస్త్రజ్ఞులు ఏ తెగులూ సోకని పొగాకు పూవులలో కూడ ఆ ప్రోటీనులను చూశారు. బూజుల కణకవచంలోని కైటిన్‌ను కరిగించే ఎన్‌జైమ్ పూకాడలోను, రక్షక పత్రాలలోను, పుప్పొడి తిత్తులలోను, అండాశయంలోను కనిపించింది. నికోటియానా అలాటా అనే మరొక పొగాకు జాతి పూవులో 47 అమినో ఆమ్లాలు గల డిఫెన్సిన్ అనే చిన్న ప్రోటీను ఉన్నది. ఇది బూజులను ఎదుర్కొంటుంది. లేత మొగ్గలో మెండుగా తయారవుతుంది. ఆకర్షణ పత్రాల వెలుపలి కణాల వరుసలో ఎక్కువగా చేరుతుంది.

మొక్కలోని ప్రతి కణంలోను ఉండే జన్యువులు దాదాపు ఒకటే. ఏ అవయవంలో, ఏ దశలో, ఏ జన్యువు పనిచేస్తున్నదన్నదే భేదం. జన్యు వ్యక్తీకరణ అంటే ఇదే. పూవు శత్రువు కోసం వేచి ఉండదు. మొగ్గ తొడిగినప్పుడే తన ఏర్పాట్లు తాను చేసుకొంటుంది. పొగాకు పరిశోధన కేంద్రం 1947లో రాజమండ్రిలో వెలసింది. పొగాకు సాగులో ఆకు బరువు, సారం పెరగటానికి పూగుత్తిని తుంచివేసే పద్ధతి ఉన్నది. ఇంతటి పాఠం నేర్పిన పూవు చేనిలో విచ్చకముందే తలతో సహా రాలిపోవటం విచిత్రమే.

ఇక వరి సంగతి. మానిపండు తెగులు, కాటుక తెగులు అని రైతులు పిలిచే వ్యాధిలో గింజకు బదులు పసుపు ఉండ పుట్టి, తరువాత ఆకుపచ్చగా, నల్లగా మారుతుంది. దీనిని కలిగించే శిలీంధ్రాన్ని తిరునల్వేలి నమూనాల నుంచి కుక్ అనే శాస్త్రజ్ఞుడు 1878లో వర్ణించాడు. ఈ బూజు వెన్ను ఇంకా పొట్టలో ఉండగానే ఊకల కొసనున్న సన్నని సందు గుండా లోపలికి పోయి, ముఖ్యంగా కేసర దండాలను పట్టుకొంటుంది. పూవు రక్షణను అణచే ప్రోటీనులను విడుస్తుంది. అంతేకాదు, తెగులు సోకిన పూవులో గింజ పాలుపోసుకొనేటప్పుడు పనిచేయవలసిన జన్యువులు మేలుకొంటున్నాయని 2015లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఫలదీకరణం జరగలేదు, అయినా గింజకు పోవలసిన ఆహారం బూజుకు అందుతున్నది! ఇక్కడ శత్రువు గోడ పగులగొట్టలేదు. ఇంటి బిడ్డ వేషంలో వచ్చి అన్నం తింటున్నాడు. కోట ఉపమానం దీనిని వివరించలేదు.

ఇది మాటల తగవు మాత్రమే కాదు. తెగులు కనిపించినప్పుడే యుద్ధం మొదలయిందనుకొనే రైతు ఉండలు చూసిన తరువాత మందు చల్లుతాడు. అప్పటికి సమయం మించిపోయింది. ఆ ఖర్చు వృథా. మందు అవసరమైతే దాని వేళ పొట్టదశ చివర, వెన్ను బయటికి రాకముందు. సార్వా వరి ఈనే రోజులలో వాన, తేమ ఎక్కువైనా, నత్రజని ఎరువు మోతాదు మించినా తెగులు పెరుగుతుంది. తమిళ దేశంలో దీనిని లక్ష్మి తెగులనీ, మంచి పంటకు గుర్తనీ భావించటం ఉన్నది. పంటకు, బూజుకు కొన్ని పరిస్థితులు ఒకేసారి అనుకూలించటమే ఇందుకు కారణం కావచ్చును.

అట్లే ‘తెగులును తట్టుకొనే రకం’ అన్న మాటను కూడ పరీక్షించి చూడాలి. 1925లో స్థాపితమై, 1982లో స్వర్ణ రకాన్ని ఇచ్చిన మార్టేరు పరిశోధన స్థానం పేరు డెల్టాలో తెలియనివారు అరుదు. కొత్త రకం వచ్చినప్పుడు అది ఏ తెగులును, ఏ అవయవంలో తట్టుకొంటుందని విద్యార్థి అడగటం నేర్వాలి. ఆకు మీద అగ్గితెగులును ఆపిన రకం మెడ దగ్గర ఆపకపోవచ్చును.

ఉపమానం లేకుండా పాఠం సాగదంటే డెల్టాలోనే మరొకటి ఉన్నది: కాలువ లాకు. లాకు పడవను పోనివ్వాలి, నీటిని అదుపులో ఉంచాలి. దాని తలుపులు వేళనుబట్టి తెరుచుకొని మూసుకొంటాయి. పూవు పని దీనికి దగ్గరగా ఉన్నది. అయితే లాకుకు మనిషి కావాలి. పూవులో ఆ పని జన్యువులదే. ఈ తేడాను కూడ చెప్పినప్పుడే పోలిక పిల్లలకు మేలు చేస్తుంది.

రాబోయే సార్వాలో పొట్టదశనున్న వెన్ను నొకదానిని విప్పి, ఆరు కేసరాలను భూతద్దంతో చూపితే చాలును. పూవు విచ్చకముందే దాని భవితవ్యం ఎక్కడ నిర్ణయమవుతున్నదో పిల్లలు తమ కళ్ళతో చూస్తారు.