ట్రాకు ఆగదు

పద్యనాటకంలో హార్మోనిస్టు చెయ్యి మెట్ల మీద ఉన్నా చూపు నటుడి మీదే ఉంటుంది. నటుడు రాగం ఇంకాస్త సాగదీస్తే హార్మోనియం వెంటే సాగుతుంది. గొంతు జారితే ఆ స్వరాన్నే గట్టిగా పట్టి దారి చూపిస్తుంది. పాదం మరిచిపోయాడనుకోండి, అది గుర్తుకొచ్చేదాకా నాలుగు ముక్కలు వాయించి జనాన్ని మరిపిస్తుంది. కచేరీలో మృదంగమూ అంతే, పాడేవాడు ఎత్తుగడ తప్పితే చప్పున సర్దుకుంటుంది. కరోకే ట్రాకుకు చెవులు లేవు. మీరు పాడినా, దగ్గినా, మాట మరిచి నోరు తెరుచుకుని నిలబడినా అది తన లెక్కన తాను వెళ్లిపోతుంది.

కరోకే పుట్టుకే అలాంటిది. జపాన్‌లోని కోబే నగరంలో క్లబ్బులకు వచ్చి పాడేవాళ్లకు వాద్య సహకారం ఇచ్చే డైసుకే ఇనోవేను ఒక వ్యాపారి తనతోపాటు ప్రయాణానికి రమ్మన్నాడు. వెళ్లిన చోట నలుగురి ముందూ పాడాలని ఆయన ముచ్చట. ఇనోవేకు వెళ్లడం కుదరక వాద్యాన్ని టేపు మీద ఎక్కించి ఇచ్చాడు. ఆ ఆలోచనే 1971లో నాణెం వేస్తే మోగే యంత్రంగా తయారైంది. వాయించే మనిషి రాలేనప్పుడు పంపిన వాద్యం కాబట్టి, ఆ మనిషి అక్కడికక్కడ చేసే సర్దుబాట్లన్నీ పాడేవాళ్లే ఇంటి దగ్గర చేసుకుని రావాలి. వేదిక మీద కొందరిని చూసి "ఎంత ధైర్యమండీ!" అంటాం. ఆ ధైర్యంలో ముప్పాతిక వంతు ఈ ఇంటిపనే.

ఆ పని ఎంత సన్నగా ఉంటుందో నాకు ఒక నోటుపుస్తకంలో కనిపించింది. హైదరాబాదులో చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి చోట్ల సాయంత్రాలు పాత పాటల కార్యక్రమాలు జరుగుతుంటాయి. వాటిలో ట్రాకుల మీద పాడేవాళ్లలో రిటైరైన తెలుగు టీచరు గారు ఒకరున్నారు. ఆవిడ పాటకో పేజీ చొప్పున రాసుకుంటారు. నేను చూసిన పేజీలో ఉన్నది ఎనభైల నాటి ఇళయరాజా పాట.

పేజీ నెత్తిన "5½ → 4½" అని ఉంది. అసలు పాట అయిదున్నర శ్రుతిలో ఉంటే, ట్రాకును రెండు మెట్లు దించి నాలుగున్నరకు తెచ్చారన్నమాట. టేపుల కాలంలో ఇది కుదిరేది కాదు. టేపును నెమ్మదిగా తిప్పితేనే శ్రుతి దిగేది, దాంతో పాట నడక కూడా ఈడ్చుకుపోయేది. రెండు మెట్లకు వేగం దాదాపు 11 శాతం పడిపోతుంది. ఇప్పుడు ఫోన్‌లోని యాప్ కూడా నడకను ముట్టుకోకుండా శ్రుతిని మాత్రం మారుస్తుంది. మరీ ఎక్కువ మార్చితే డ్రమ్ముల మోత మొద్దుబారి, వయొలిన్లకు జలుబు చేసినట్టుంటుంది. అందుకే ఆవిడ రెండు మూడు మెట్లు దాటరు.

ఆ రెండు మెట్ల లెక్క ఎలా వచ్చిందో చూడండి. చాలామంది పల్లవి పాడి చూసుకుని, హాయిగా ఉంటే శ్రుతి కుదిరిందనుకుంటారు. సినిమా పాటలో పల్లవి సాధారణంగా మధ్యస్థాయిలోనే తిరుగుతుంది, అసలు పరీక్ష చరణం చివర పైకెక్కే చోట ఉంటుంది. టీచరు గారు ముందు ఆ ఎత్తయిన స్వరాన్ని వెతుకుతారు, తర్వాత పాటలో అట్టడుగున ఉన్న స్వరాన్ని. శ్రుతి దించితే పైది సులువవుతుంది కానీ కిందిది మరీ లోతుకు దిగి గాలిలో కలిసిపోతుంది. రెండింటినీ గొంతులో పట్టించే శ్రుతి ఒకటో రెండో ఉంటాయి, అంతే. ఎత్తయిన స్వరం పక్కన పేజీలో చిన్న గోపురం గీసి ఉంది. అది పొద్దున లేచీ లేవగానే పలికే స్వరమై ఉండాలట. సాయంత్రం దాకా సాధన చేసి గొంతు వేడెక్కాక పలికితే లెక్కలోకి రాదు.

సాహిత్యం మొత్తం తెలుగు లిపిలో, చేత్తో రాసి ఉంది. "ఎదురుగా స్క్రీన్ మీద వస్తుంది కదండీ టీచర్ గారూ, మళ్లీ ఇదంతా ఎందుకు?" అన్నాను.

"స్క్రీన్ మీద అక్షరం రంగు మారేది పాడాల్సిన క్షణంలో కదా బాబూ. అది చూసి నోరు తెరిస్తే అప్పటికే ఆలస్యం. పైగా సగం ట్రాకుల్లో తెలుగు పాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అందులో ళ ఏదో ల ఏదో, ణ ఏదో న ఏదో ఎవరికి తెలుసు?"

రాసిన పంక్తుల మీద చిన్న చిన్న సున్నాలున్నాయి. అవి ఊపిరి తీసుకునే చోట్లు. వీటిని పెట్టడంలో తెలుగు టీచరు బయటపడతారు. బాణీ విరిగిన చోటల్లా ఊపిరి తీస్తే సమాసం మధ్యలో తెగుతుంది. చందమామలో చంద దగ్గర ఊపిరి తీస్తే మిగిలింది మామ! అందుకని ఆవిడ ముందు పంక్తిని పాటగా కాక మాటగా చదువుతారు. అర్థం ఎక్కడ ఆగుతుందో అక్కడ సున్నా పెడతారు. ఆ తర్వాతే బాణీతో పాడి, గాలి సరిపోతుందో లేదో చూస్తారు. సరిపోకపోతే అంతకుముందు పంక్తి చివరి దీర్ఘాన్ని రవ్వంత ముందే వదిలేసి అక్కడ ఇంకో సున్నా పెడతారు. ఆ వదిలేయడం వినేవాళ్లకు తెలియదు. తెగిన సమాసం మాత్రం అందరికీ తెలుస్తుంది.

పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు వాయించే భాగాన్ని పేజీలో గళ్లుగా గీశారు, ఒక ఆవర్తానికి ఒక గడి. ఇళయరాజా పాటల్లో మొదటి చరణం ముందు వచ్చే సంగీతం, రెండో చరణం ముందు వచ్చేది చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి. మొదటిది విన్న ధైర్యంతో రెండోదాన్ని ఊహించబోతే గోతిలో పడ్డట్టే. కొన్ని గళ్లలో "ఫ్లూటు", "వయొలిన్లు పైకి" అని ఉంది. చివరి గడిలో, తబలా మళ్లీ అందుకునే చోట, ఒక బాణం గుర్తు. ఈ పాటలో చరణం సరిగ్గా దెబ్బ మీద కాకుండా అర దెబ్బ తర్వాత మొదలవుతుంది. తాడాటలో తాడు కాళ్లకు తగిలాక ఎగిరితే లాభం లేదు, ఇక్కడా అంతే. ఊపిరి దెబ్బకు ముందే లోపలికి వెళ్లి ఉండాలి. అందుకే బాణం కన్నా ముందున్న గడిలో సున్నా ఉంది.

తాళం లేని సాకీతో మొదలయ్యే పాత పాటలంటే ఆవిడకే కాస్త జంకు. సాకీలో గాయకుడు తన ఇష్టం వచ్చినట్టు ఆగుతాడు, సాగదీస్తాడు. ఆ స్వేచ్ఛ ఆ రోజు పాడినాయనది. ట్రాకులో మిగిలేవి ఆయన ఆగిన కొలతలు మాత్రమే. లెక్కపెట్టడానికి దెబ్బ లేదు కాబట్టి, వెనక మోగే వాద్యం ఎక్కడ మలుపు తిరుగుతుందో గుర్తుపెట్టుకుని, మరొకరి తీరుబడిని కంఠస్థం చెయ్యాలి. పరాయి స్వేచ్ఛను సొంతదానిలా వినిపించడమంత కష్టమైన పని కరోకేలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మైకు సాధన రెండు సెల్లుల టార్చిలైటుతో. నవ్వొచ్చినా లెక్క సరిగ్గానే ఉంది. పాడే మైకు సుమారు 300 గ్రాములు తూగుతుంది, కార్డ్‌లెస్ అయితే ఇంకొంచెం ఎక్కువ. బరువు అలవాటు లేని చెయ్యి రెండో చరణానికి కిందికి జారుతుంది, గొంతూ దాంతోపాటే పోతుంది. టార్చిని మూతికి సూటిగా కాకుండా గడ్డం వైపు నుంచి కాస్త వాలుగా పట్టుకుంటారు. ప, ఫ, భ లాంటి అక్షరాల గాలి సూటిగా తగిలితే స్పీకర్లలో ఢబ్బుమంటుంది కనక. మంద్రంలో టార్చి పెదవుల దగ్గరికొస్తుంది. ఈ రకం మైకులు నోటికి దగ్గరైనకొద్దీ అడుగు స్వరాలను చిక్కగా పలికిస్తాయి. గోపురం గీసిన చోట మాత్రం జానెడు దూరం జరుగుతుంది. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోవడం చూడ్డానికి స్టైలుగానే ఉంటుంది. ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేలా తయారుచేసిన మైకు, అలా మూస్తే చుట్టుపక్కల స్పీకర్ల శబ్దాన్నీ పీల్చి కుయ్యిమంటుంది.

ఇంట్లో సాధనకు ఆవిడ వైరున్న ఇయర్‌ఫోన్లే వాడతారు. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతో, ఇంకొంచెం ఎక్కువో ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యానికి అలవాటుపడిన చెవి వేదిక మీద తడబడుతుంది. హాలు కూడా అదే పని చేస్తుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది. హాలు లోతు 17 మీటర్లుంటే వెనక గోడకు కొట్టుకుని తిరిగొచ్చే పాట సెకనులో పదో వంతు వెనకబడి ఉంటుంది. దాన్ని పట్టుకుని పాడితే పంక్తి పంక్తికీ ఈడ్చుకుపోతారు. కాబట్టి కాళ్ల ముందున్న మానిటర్ స్పీకరుకు దగ్గరగా నిలబడాలి, హాల్లో తిరిగే గొంతును పట్టించుకోకూడదు. టీచరు గారు వేదిక ఎక్కగానే చేసే మొదటి పని నమస్కారం, రెండోది సౌండు అబ్బాయితో "నాయనా, ఎకో సగానికి తగ్గించు" అనడం. ఎకో ఎక్కువైతే తప్పులు కనిపించవని కొందరి నమ్మకం. తప్పులతోపాటు అక్షరాలూ కనిపించవు.

ఇంత చేశాక కూడా మాట మరుపుకు రావచ్చు. దానికీ పేజీలో ఏర్పాటుంది. ఎడమ అంచున మూడు చోట్ల నక్షత్రాలున్నాయి. ఎక్కడ జారిపోయినా బాణీని ఆకారంలో సాగిస్తూ, దగ్గరలోని నక్షత్రం దాకా వచ్చి అక్కడ సాహిత్యం అందుకోవాలి. ట్రాకు వెనక్కి రాదు కాబట్టి మనమే ముందుకెళ్లి దాని కోసం కాచుకోవాలి. ఈ జారడాన్ని కూడా ఆవిడ సాధన చేస్తారు. మనవడిని పిలిచి, పాట మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు ఏదో ఒక ప్రశ్న అడగమంటారు. వాడు హోంవర్కు మానేసి ఈ ఉద్యోగం మహా శ్రద్ధగా చేస్తున్నాడు.

రెండో చరణంలో ఒక అందమైన సంగతి మీద అడ్డగీత ఉంది. అదే పంక్తిని గమకం లేకుండా, సాదాగా, కింద మళ్లీ రాసుకున్నారు. ఆ సంగతి వంటింట్లో పాడుకుంటుంటే నేను విన్నాను, బాగానే పలికింది. అదే అన్నాను.

"బాగానే అంటే పదిసార్లలో ఏడుసార్లు. అక్కడ ఆ మిగిలిన మూడే వస్తాయి" అన్నారు.

కార్యక్రమం అయ్యాక అదే పేజీలో ఎర్ర సిరాతో మూడు ముక్కలు చేరాయి. మొదటి సున్నా దగ్గర ఊపిరి మైకులో వినబడింది. మానిటర్‌కు కుడివైపు నిలబడాలి. అడ్డగీత కొట్టిన సంగతి పక్కన, "ఇంకో నెల".