బస్తా మోసిన భుజం మీద భుజకీర్తులు

తెర ఇంకా దిగలేదు. ఇద్దరు చెరో కొస పట్టుకున్న చీరకు పైన కిరీటం కొన, కింద గజ్జెల పాదాలు. నడుమ ఉన్న మనిషిని మనం ఊహించుకోవలసిందే. మద్దెల నడక మారుతుంది. తాళాలు దాన్ని అందుకుంటాయి. పాదాలు ముందుకూ పోవు, వెనక్కూ రావు. ఉన్నచోటనే బరువు మార్చుకుంటుంటాయి. కుడికాలి బరువు ఎడమకాలి మీదికి పోయిన ప్రతిసారీ తెర అంచు వణుకుతుంది. కీచకుడు వస్తున్నాడని విరాటుడి కొలువుకు ఆ వణుకే వార్త చెబుతుంది. చిందు భాగవతంలో పాత్ర ప్రవేశమంటే ఇదీ వరస: ముందు పాదం, తర్వాత గొంతు, ఆ పైన ముఖం. ముఖం కనిపించే వేళకు మనం ఆ వేషానికి సగం లొంగిపోయి ఉంటాం.

ఆ ముఖం హుస్నాబాద్‌లో అందరికీ తెలిసిందే. పగలు మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే పెద్దాయనది. వడ్లు, మక్కలు, పత్తి, ఏ పంట వచ్చే కాలానికి ఆ బస్తా. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆయన తాతల నాడు మేళం ఏడాదిలో చాలా భాగం దారి మీదే ఉండేది. చిందువాళ్లకు మిరాశి ఊళ్లుండేవి. ఏ కుటుంబం ఏ ఊళ్లలో ఆడాలో తరతరాలుగా పంచుకున్న హక్కు అది. మేళం ఊరు చేరితే అక్కడి మాదిగ పెద్దలు బస చూపించాలి, తిండి చూడాలి, ఆటలన్నీ అయ్యాక త్యాగం ఇచ్చి సాగనంపాలి. సారంగధర, చెంచులక్ష్మి, హరిశ్చంద్ర, విరాటపర్వం ఒక్కో రాత్రి ఒక్కోటి ఆడి, చివరికి కులపురాణమైన జాంబపురాణం చెప్పి, ఎల్లమ్మ వేషం కట్టి మేళం కదిలేది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, త్యాగం ఇచ్చే చేతులు తగ్గాయి. మేళాలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఈయన మేళం హుస్నాబాద్‌లో ఆగింది. కరీంనగర్, సిద్దిపేట, హన్మకొండ, జనగామ దారులు కలిసే ఊరు కనుక ఎటు పిలిచినా పోవచ్చుననుకున్నారట. ఆ తర్వాత ఇల్లు, రేషన్ కార్డు, పిల్లల బడి. ఊరు ఆయనను తనలో కలుపుకుంది.

కరీంనగర్ గడ్డ నుంచి నటనను నమ్ముకుని పోయిన మనిషంటే ముందుగా పైడి జైరాజ్ గుర్తొస్తారు. 1909లో కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి చేరి, 1929లో మూకీలతో మొదలుపెట్టి, టాకీలలో కథానాయకుడై, 1980కి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. సముద్రం ఒడ్డున కాపురం పెట్టిన నటుడాయన. తెర మీద ఆయన నీడను చూసినవాళ్లలో ఎందరు ఆయనను వీధిలో చూసి ఉంటారు? సినిమా నటుడి కీర్తికి ఆ దూరమే ఆధారం. మన హుస్నాబాద్ నటుడిది సరిగ్గా ఎదురు దిక్కు. ఇక్కడ సముద్రం లేదు. ఎల్లమ్మ చెరువుంది. ఉమ్మాపూర్ గుట్టల నడుమ మహాసముద్రం గండి అని పేరు మాత్రం ఉంది. ఇక్కడ ప్రేక్షకుడికి నటుడి ఇల్లు తెలుసు, ఆయనకు హోటల్‌లో ఎంత బాకీ ఉందో తెలుసు, కిందటి వానాకాలం మోకాలు వాచి పనికి రాలేదనీ తెలుసు.

నటుడిని ఇంత ఎరిగిన ఊళ్లో వేషం నిలుస్తుందా? రోజూ చూసే ముఖం మీద మాయ పని చెయ్యదని, తిరిగే నటుడు ఒకచోట పాతుకుపోతే కళ పలచబడుతుందని అనేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. చిందు ఆటలో రసానికి పుట్టిల్లు ఈ పరిచయమే. మనం ఎరగని మనిషి రాజైతే రాజును చూస్తాం. ఎరిగిన మనిషి రాజైతే ఆ కావడాన్ని చూస్తాం. రెండోదానిలోని ఆశ్చర్యం చాలా పెద్దది.

ఆ కావడం పొద్దుగూకేటప్పుడే మొదలవుతుంది. అర్దళాన్ని రాయి మీద నూరుతారు. ఆ పసుపు ముఖానికి ఎక్కుతుంటే ఎండకు కమిలిన చర్మం మెల్లగా మాయమై, దాని కింద నుంచి దీపానికి తగిన మరో ముఖం పైకి వస్తుంది. కనుబొమల మీద కాటుక, నుదుట ఎర్రటి తిలకం, చెంపల మీద తెల్లని చుక్కలు. ఆయన చేతిలో చిన్న అద్దం ఉంటుంది గానీ దాన్ని చూసేది తక్కువ; వేలికి ముఖం కంఠతా వచ్చు. తర్వాత నగలు. కిరీటం, భుజకీర్తులు, కంఠానికి పట్టెడ, అన్నీ పొనికి కర్రవి. నిర్మల్ బొమ్మలు చేసేదీ ఆ కర్రతోనే. కర్ర తేలికే. కానీ అద్దాల బిళ్లలతో, ఆ ఎత్తుతో కిరీటం తలను వెనక్కి లాగుతుంది. అక్కడే చూడాలి ఆయనను. పగలు బస్తా ఎత్తుకున్నప్పుడు మెడ ముందుకు వంగుతుంది, చూపు అడుగు ముందున్న నేల మీద ఉంటుంది. కిరీటం కట్టగానే అదే మెడ నిటారవుతుంది, చూపు జనం తలల మీదుగా పోతుంది. బస్తా మోసిన భుజమే భుజకీర్తులను మోస్తోంది. కండ అదే, బరువు తీరు వేరు. ఆహార్యాన్ని అలంకారమని తేలికగా అనేస్తుంటాం. ఇక్కడ ఆహార్యమే ఆంగికాన్ని నడిపిస్తోంది. రాజు ఎలా నిలబడాలో ఆయనకు కిరీటమే నేర్పుతోంది.

తెర దిగింది. కీచకుడు తన గొప్ప తానే దరువులో చెప్పుకుంటూ చుట్టు తిరుగుతాడు. మూడు పక్కలా జనమే కనుక ఈ ఆటకు వెనుక, ముందు లేవు. వీపు కూడా నటించాలి. ఈయన వీపు నటిస్తుంది. సైరంధ్రిని మొదటిసారి చూసే ఘట్టంలో ఆయన ముఖం మాకు కనబడలేదు, మేము కూర్చున్న పక్కకు అప్పుడు ఆయన వీపు తిరిగి ఉంది. అడుగు సగంలో ఆగింది. గజ్జెలు ఆగాయి. మద్దెలాయన కూడా చేయి ఎత్తి పట్టుకున్నాడు. భుజకీర్తులు రెండూ ఒక అంగుళం పైకి లేచి, అలాగే ఉండిపోయాయి. ఊపిరి తీసుకున్నాడు, వదల్లేదు. మోహం పుట్టిందని చెప్పడానికి అంతకు మించి ఏం కావాలి?

ఏకపక్షమైన రతిని, పరభార్య మీది రతిని ఆలంకారికులు శృంగారం అనలేదు, శృంగారాభాసం అన్నారు. సీత మీద రావణుడి మోహాన్ని అభినవగుప్తుడు ఉదాహరించాడు. కీచకుడిదీ ఆ కోవే. దాన్ని ఆడటంలో కష్టం ఏమిటంటే, మొదటే దుర్మార్గంగా చూపిస్తే నాటకానికి ఎదగడానికి చోటుండదు. అచ్చమైన ప్రేమగా చూపిస్తే కథే చెడుతుంది. ఈయన పట్టుకున్న దారి అపూర్వం. మాట తీయగా ఉంచి, పాదాన్ని కఠినం చేస్తారు. సైరంధ్రిని బతిమాలే పాట ఎంత మెత్తగా సాగుతుందో కింద చిందు అంత గట్టిగా పడుతుంటుంది. చెవికి శృంగారం, నేలకు రౌద్రం. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు పాటకు తల ఊపుతూనే కాళ్లు దగ్గరికి తీసుకోవడం చూశాను. ఆ రెండూ ఒకే మనిషిలో ఒకే క్షణాన కలిగాయంటే ఆభాసం అనే శాస్త్రపు మాట ప్రాణంతో కళ్ల ముందు నిలబడ్డట్టే.

కీచకుడనగానే తెలుగువాళ్ల మనసులో మెదిలేది ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు. 1963 నాటి ఆ పాత్ర ఆయనకు జకార్తాలో ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి తెచ్చింది. ఆ కీచకుడు కళ్లలో ఉంటాడు. కెమెరా దగ్గరికి పోయి ఆ కనుపాపల అలసత్వాన్ని పట్టుకుంటుంది. చిందు కీచకుడికి కెమెరా లేదు. వేదికకు అల్లంత దూరాన, గోడ మీద కూర్చున్న పిల్లవాడికి కూడా అందాలి. అందుకే అతని మోహమంతా భుజంలో, పిక్కలో ఉంది. నాకు రెండూ కావాలి. ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలిచి చిందును ముతకదని అనేవాళ్లతోనే నాకు పేచీ.

ఆ రాత్రి నన్ను పూర్తిగా గెలుచుకున్నది మాత్రం కథలో లేని ఘట్టం. కీచకుడు సైరంధ్రి దారికి అడ్డం నిలిచి ఉన్నాడు. అప్పుడే జనంలోంచి ఒకతను లేచి పది రూపాయల నోటు చదివించాడు. పగలు ఈయనతో పాటు లారీకి బస్తాలెత్తే మనిషే. బుడ్డర్‌ఖాన్ వేషంలో ఉన్న హాస్యగాడు నోటు అందుకుని, దాత పేరు, ఇంటి పేరు, వాడకట్టు చెప్పి, అతని బిడ్డాపాపలు చల్లగుండాలని పొడుగ్గా దీవెన చదివాడు. సైరంధ్రి చెంగు పట్టుకుని నిలబడే ఉంది. కథ ఆగింది. రసం ఆగిందా? కీచకుడు తల తిప్పి ఆ మనిషిని చూశాడు. పగటి స్నేహితుడిని చూసిన చూపు కాదది. సామంతుడు కప్పం తెచ్చినప్పుడు సేనాపతి చూసే చూపు. ఎడమచేయి భుజకీర్తి దాకా ఎత్తి, దించాడు. ఆ సైగతో ఆ హమాలీ విరాటుడి కొలువులో ఒకడైపోయాడు. ఊరంతా కొలువైపోయింది. వెంటనే మద్దెల మీద దెబ్బ పడింది, కీచకుడి చూపు సైరంధ్రి మీదికి మళ్లింది. రసభంగమని పుస్తకం చదివినవాళ్లు అనగల చోట ఆయన రసాన్ని జనం కూర్చున్న చివరి వరస దాకా విస్తరించారు. స్నేహితుడిని ఆయన మరిచిపోలేదు, వేషాన్నీ వదల్లేదు. తిరిగే మేళానికి ఈ సూక్ష్మం దొరకదు. దాత ముఖం నటుడికి, నటుడి ముఖం దాతకు రోజూ తెలిసిన ఊళ్లోనే దొరుకుతుంది.

నర్తనశాల ఘట్టాన్ని తొందరగా దాటుతాను. భీముడు బలవంతుడే గానీ ఆ రాత్రి అతనికి గొంతు సహకరించలేదు. చీకట్లో చేయి తాకగానే ఎదుట ఉన్నది ఎవరో తెలిసిన కీచకుడి అరచేయి మాత్రం చెప్పాలి: తాకింది, వెనక్కి రాలేదు, అక్కడే వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. భయం వేళ్ల కొసల నుంచి మోచేతికి ఎక్కడం కనిపించింది.

చివరి రోజు ఎల్లమ్మ వేషం. ఈ నేలకు ఎల్లమ్మ పరాయి దేవత కాదు. ఊళ్లో రేణుక ఎల్లమ్మ గుడి ఉంది, ఎండాకాలం జాతర ఉంది, చెరువుకు కూడా ఆమె పేరే. నిజామాబాద్ జిల్లాలో చిన్ననాడే ఈ వేషం కట్టి, జీవితమంతా కట్టి, 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మను తలచుకోకుండా ఈ వేషం గురించి రాయలేం. ఆడ, మగ తేడా లేకుండా కుటుంబమంతా గజ్జె కట్టడం చిందుకున్న గొప్ప లక్షణం. ఆ సంప్రదాయానికి ఆమె శిఖరం. ఇక్కడ ఎల్లమ్మ వేషం పెద్దాయన కోడలిది. పగలు ఆమె కూలికి పోతుంది. ఆ పొద్దున వేషంతో వాడలోకి నడిచింది. ఇంటింటి ముందు ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఆమె పాదాల మీద పోశారు. చేలో ఆమెను పేరు పెట్టి గద్దించే ఇళ్లవాళ్లు కూడా వంగి మొక్కారు.

ఇక్కడ విమర్శకుడు జాగ్రత్తగా ఉండాలి. రసానుభవంలో సహృదయుడికి ఇది నాటకమన్న ఎరుక అడుగున ఉంటుంది. పాదాల మీద నీళ్లు పోసే చేతికి ఆ ఎరుక ఉందని నేను అనలేను. ఆమె మాత్రం నటన వదల్లేదు. ప్రతి గడప ముందూ అడుగుల లెక్క సరిగ్గా అదే, తల తిప్పడం అదే, చిరునవ్వు రానట్టుగా వచ్చే పెదవి అదే. భక్తులు భక్తిలో మునిగి ఉంటే ఆమె శిల్పంలో మెలకువగా ఉంది. చిందువాళ్లు మాదిగలకు ఆశ్రితులు, ఊరి అంచుకు కూడా అంచున బతికినవాళ్లు. ఊరు ఆ పొద్దున ఏ పాదాలకు మొక్కుతోందో ఊరికి తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఆ తెలివిడి ఆ పెదవి మీద ఉంది. తెలుగు నేల మీద అంత గంభీరమైన అభినయాన్ని నేను చాలా తక్కువగా చూశాను.

2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ ఇంట్లో మిఠాయి పంచారు. ఆ తర్వాత వీళ్లకూ హైదరాబాద్‌లో ఒక సభామందిరం నుంచి పిలుపొచ్చింది. తెల్లవార్లూ సాగే కీచకవధకు నలభై నిమిషాలిచ్చారు. పెద్దాయన కత్తిరించిన తీరులో ఆయన విమర్శ బుద్ధి కనిపించింది. నర్తనశాల కుస్తీ తీసేశారు, విరాటుడి సంభాషణ సగానికి తెచ్చారు, ప్రవేశ దరువు పూర్తిగా ఉంచారు. చదివింపులకు మాత్రం ఆ మందిరంలో వీలు లేదు. కుర్చీల వరసల్లోంచి లేచి నోటిచ్చేవాళ్లు ఎవరు? అయినా ఆట నడుమ సైరంధ్రి దారికి అడ్డం నిలిచినప్పుడు మద్దెల ఆగింది. బుడ్డర్‌ఖాన్ ముందుకొచ్చి, హుస్నాబాద్ మార్కెట్ యార్డు హమాలీల పేర్లు, ఇంటి పేర్లతో సహా, ఒక్కొక్కటే చదివి దీవెనలిచ్చాడు. ప్రతి పేరుకూ కీచకుడు తల తిప్పి, చెయ్యి ఎత్తి, దించాడు. మూడు నిమిషాలు పట్టింది. కింద నిర్వాహకుడు గడియారం చూపిస్తూనే ఉన్నాడు. ఆట అయ్యాక, డబ్బులిచ్చినవాళ్లు ఎవరూ లేరు కదా, ఆ పేర్లెందుకని అడిగాడాయన.

‘‘ఎవరి ముందట ఆడుతున్ననో యాది లేకుంటే కాలు లెవ్వది సారూ,’’ అన్నారు పెద్దాయన, గజ్జెలు విప్పుతూ.