ఒకే పోగులో రెండు ఖాకీలు

బస్సు డ్రైవరు చొక్కా కాలరును రెండు మూడేళ్లు వాడాక చూడాలి. ఆ గుడ్డకు రంగు వేసినవాడి పనితనం అప్పుడుగానీ బయటపడదు. కొత్త తాను మీద అందరి పనీ బాగానే ఉంటుంది. టెరికాట్ ఖాకీలో ప్రతి పోగులోనూ పాలియెస్టర్, పత్తి కలిసే ఉంటాయి. యూనిఫాం గుడ్డల్లో తరచుగా కనిపించే పాళ్లు 67, 33. మెడ రాపిడికీ, బండ మీద బాదుడుకీ ముందు అరిగేది పత్తి. అది రాలిపోయిన చోట పాలియెస్టర్ ఒక్కటే మిగులుతుంది. దాని రంగు పత్తి రంగుతో కలవకపోతే కాలరు మడత మీద, మోచేతుల దగ్గర, జేబు అంచున తెల్లటి చార తేలుతుంది. కలిసి ఉంటే కాలరు పలచబడినా ఖాకీగానే పలచబడుతుంది. ఈ వ్యాసం ఆ రెండో రకం గుడ్డ గురించి.

పోచంపల్లి ఇక్కత్ గురించీ, మచిలీపట్నం కలంకారీ గురించీ మనవాళ్లు చాలా రాశారు. రాయాల్సిందే. కానిస్టేబులు ఒంటి మీది గుడ్డ గురించి మాత్రం ఎవరూ రాయరు, యంత్రం చేసిందే కదా అని. యంత్రం గుడ్డను లాగుతుంది, పిండుతుంది, ఆరబెడుతుంది, కాగబెడుతుంది. ఎంత లాగాలో, ఎంత పిండాలో, ఏ వేడి దగ్గర ఎన్ని సెకన్లు ఉంచాలో డైయింగ్ మాస్టరు తేల్చాలి. ఆ లెక్కలోనే అతని చెయ్యి ఉంది.

అసలు చిక్కు ఏమిటంటే ఈ రెండు పీచులకూ పొత్తు కుదరదు. పత్తి నీళ్లను ఇట్టే తాగేస్తుంది, పాలియెస్టర్‌కు నీళ్లు అంటవు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పాలియెస్టర్ పీచును తయారుచేశారు. దాని లోపలికి రంగు ఎలా పంపాలన్నది ఆ తర్వాతి తలనొప్పి. నీళ్లలో దాదాపు కరగకుండా సన్నటి పొడిగా తేలే డిస్పర్స్ రంగులు అసిటేట్ గుడ్డల కోసం 1920ల నుంచే ఉన్నాయి. అవే ఇక్కడా అక్కరకొచ్చాయి, కాకపోతే గట్టి వేడి కావాలి. పత్తి మీద ఆ రంగు నిలవదు, ఉత్త మరకలా కూర్చుంటుంది. ఎండకూ, చెమటకూ, ఉతుకుడు సోడాకూ ఓర్చుకోవాల్సిన ఖాకీ కాబట్టి పత్తికి వాట్ రంగులు ఎంచుకుంటారు. జర్మనీలోని బీఏఎస్‌ఎఫ్‌లో రెనే బోన్ 1901లో తయారుచేసిన నీలంతో మొదలైన కుటుంబం అది. ఆలివ్, బ్రౌన్, ఖాకీ ఛాయల్లో దానికి పెట్టింది పేరు. వాట్ రంగు కూడా మామూలుగా నీళ్లలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే మందు కలిపితే రూపం మార్చుకుని కరిగి పత్తిలోకి దిగుతుంది. తర్వాత ఆక్సిజన్ తగిలితే మళ్లీ కరగని రూపానికి వచ్చి, లోపలే చిక్కుకుపోతుంది. నీలిమందు పనిచేసేదీ ఇలాగే.

రెండు పీచులకు రెండు రంగులు, రెండు పద్ధతులు. రెండుసార్లు విడివిడిగా వేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. పెద్ద మిల్లుల్లో అలా చెయ్యరు. డిస్పర్స్, వాట్ పొడులు రెండిటినీ ఒకే తొట్టిలో కలిపేస్తారు. రెండూ కరగని పొడులే కాబట్టి ఆ దశలో దేనికీ గుడ్డ మీద మోజు ఉండదు. అందుకని తొట్టి మొదటి మీటరుకూ వెయ్యో మీటరుకూ ఒకే పాళ్లలో రంగు ఇస్తుంది. కరిగే రంగులైతే గుడ్డ వాటిని ఎక్కువగా లాగేసుకుని, తాను మొదట ముదురుగా, పోనుపోను లేతగా వస్తుంది. పీచు దేన్నీ ఇష్టపడని దశను చూసుకుని రెండు రంగుల్నీ సమానంగా పరచడం నన్ను బాగా ఆకట్టుకున్న తెలివి.

తొట్టిలో మునిగిన గుడ్డ రెండు రోలర్ల మధ్య నలిగి బయటికొస్తుంది. దీన్ని ప్యాడింగ్ అంటారు. పిండాక గుడ్డ బరువులో సుమారు 60 శాతం రంగునీళ్లు మిగలాలి. ఆ మిగులు కుడి అంచున, మధ్యలో, ఎడమ అంచున ఒక్కలా ఉండాలి. ఇక్కడ రోలరు మొరాయిస్తుంది. ఒత్తిడి పెట్టేది రెండు చివర్ల దగ్గరే కాబట్టి, బరువెత్తిన కావడి బద్దలా అది వంగుతుంది. అంచుల దగ్గర గట్టిగా, మధ్యలో వదులుగా పిండుతుంది. ఫలితంగా గుడ్డ నడుమ ముదురు, అంచులు లేత. ఆ గుడ్డతో కుట్టిన చొక్కాలో నడుమ నుంచి కోసిన వీపు ముక్క ఒక రంగు, అంచు నుంచి కోసిన చెయ్యి ఇంకో రంగు. జర్మనీలోని క్యూస్టర్స్ సంస్థ దీనికి కనిపెట్టిన విరుగుడు చూడముచ్చటగా ఉంటుంది. రోలరును బోలుగా చేసి, లోపల కదలని ఇరుసు పెట్టి, ఆ రెండిటి మధ్య నూనెను ఒత్తిడితో నింపారు. వంగాల్సి వస్తే లోపలి ఇరుసు వంగుతుంది. గుడ్డను తాకే పైడొప్పను నూనె పొడవునా ఒకే బలంతో నొక్కిపెడుతుంది. నూనె ఒత్తిడి సరిచేసేవాడు గుడ్డ మూడుచోట్ల నుంచి ముక్కలు కోసి పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. చూసిన ముక్కలన్నీ ఒకేలా ఉంటేనే బండి నడుస్తుంది.

తడి గుడ్డను ఆరబెట్టడంలో ఇంకో ప్రమాదం ఉంది. నీరు ఎటు ఆవిరైతే అటే రంగుపొడిని మోసుకుపోతుంది. గాలి ఒకవైపు ఎక్కువ తగిలితే గుడ్డ ముఖం ఒక ఛాయ, వీపు ఇంకో ఛాయ అవుతాయి. అందుకే వేడిగాలి గదికి ముందు ఇన్‌ఫ్రారెడ్ తాపం పెడతారు. అది గుడ్డ లోపలి నీటిని కదల్చకుండానే కాగబెట్టి, సగం వరకు తగ్గిస్తుంది. ఆ మాత్రం తేమకు దిగాక నీటికి పొడిని లాక్కుపోయే సత్తువ ఉండదు. రంగునీళ్లలో కలిపే ఆల్జినేట్ జిగురు కూడా ఈ పనికే సాయపడుతుంది.

ఇప్పుడు థర్మోసోల్ గది. 1949లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ రూపొందించిన పద్ధతి ఇది. 210 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు ఒక నిమిషం. నిమిషానికి 50 మీటర్ల వేగంతో నడిచే గుడ్డ ఆ గదిలో ఒకేసారి 50 మీటర్లు ఉంటుంది. అక్కడ జరిగేది కంటికి కనిపించదు. తొట్టిలో ఉన్నప్పుడు రంగునీళ్లను తాగింది పత్తి కాబట్టి, పాలియెస్టర్‌కు చెందాల్సిన డిస్పర్స్ రంగులో ఎక్కువ భాగం పత్తి మీదే ఆరి ఉంటుంది. 200 డిగ్రీలు దాటేసరికి అది ఆవిరై, పక్కనే ఉన్న పాలియెస్టర్‌కు చేరుతుంది. ఆ వేడికి వదులైన పీచులోకి దూరుతుంది. చల్లబడ్డాక పీచు బిగుసుకుంటుంది, రంగు లోపలే ఉండిపోతుంది. గదిలో ఎడమకూ కుడికీ వేడి కొన్ని డిగ్రీలు తేడా వచ్చినా ఛాయ మారుతుంది. ఆ తేడాను పూర్తిగా లేకుండా చెయ్యడం కష్టమని మాస్టరుకు తెలుసు. అందుకని ఖాకీకి కావలసిన పసుపు, ఎరుపు, నీలం డిస్పర్స్ రంగుల్ని ఒకే రకంగా వేడికి స్పందించేవి చూసి ఎంచుకుంటాడు. అప్పుడు వేడి తగ్గినా ఖాకీ కొంచెం లేతదవుతుంది తప్ప ఎర్రబడదు, పచ్చబడదు. పైగా తొందరగా ఆవిరయ్యే రంగుల్ని దగ్గరికి రానివ్వడు. వీధి చివరి బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద అవి మళ్లీ లేచిపోతాయి.

తర్వాతిది పత్తి వంతు. గుడ్డ కాస్టిక్, హైడ్రోస్ ద్రావణంలో మునిగి, గాలి లేని ఆవిరి గదిలోకి పోతుంది. హైడ్రోస్ గాలి తగిలితే పాడవుతుంది కాబట్టి తొట్టి నుంచి గది నోటికి దూరం చాలా తక్కువ పెడతారు, తొట్టినీ చల్లగా ఉంచుతారు. గది బయటికి దారి నీళ్ల అడ్డుకట్ట గుండా. లోపల 102 డిగ్రీల ఆవిరిలో నిమిషంలోపే వాట్ రంగు కరిగి పత్తిలోకి దిగుతుంది. అదే నిమిషంలో ఇంకో పని కూడా జరిగిపోతుంది. పత్తి మీద మరకలా మిగిలిపోయిన డిస్పర్స్ రంగును ఆ హైడ్రోసే విరిచేస్తుంది. పాలియెస్టర్ లోపల ఉన్న రంగు జోలికి మాత్రం పోలేదు, అది బిగిసిన పీచులో ఉంది. డిస్పర్స్ రంగు ఒక్కటే వేసే చోట ఈ శుభ్రానికి విడిగా ఒక విడత నడపాలి, నీళ్లు, ఆవిరి, సమయం అన్నీ దానికి. ఇక్కడ పత్తికి రంగు వేసే మందే కడిగే మందు కూడా. వాట్ రంగులు ఖరీదైనవైనా మాస్టర్లు వాటినే పట్టుకుని ఉండటానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. చివరికి మురికినీళ్లలో ఉప్పులు మిగులుతాయన్నది నిజం, వాటిని శుద్ధి చెయ్యకుండా వదిలే మిల్లు పనితనం గురించి మాట్లాడే అర్హత పోగొట్టుకుంటుంది.

ఇంతసేపూ రంగు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆవిరి గదిలోంచి వచ్చిన గుడ్డను చూసి తేల్చలేరు. పెరాక్సైడ్‌తో ఆక్సీకరణ జరిగి, మరిగే సబ్బునీళ్లలో నడిచాకే వాట్ రంగు రేణువులు పీచు లోపల సర్దుకుని అసలు ఛాయ చూపిస్తాయి. అది కంటపడేసరికి దాని వెనక కొన్ని వందల మీటర్లు యంత్రంలో ఉంటాయి. నడుస్తూండగా దిద్దుకునే వీలు చాలా తక్కువ. అందుకే అసలు తీర్పు ముందే, ల్యాబ్‌లో జరగాలి.

ఆ ల్యాబ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే పరీక్ష ఒకటుంది. నమూనా ముక్కను 70 శాతం గంధకామ్లంలో వేస్తారు. పత్తి కరిగిపోతుంది, పాలియెస్టర్ చెక్కుచెదరదు. మిగిలిన జల్లెడలాంటి పలచటి ముక్కను కడిగి, ఆరబెట్టి, ఆమ్లంలో వెయ్యని ముక్క పక్కన పెట్టి చూస్తారు. డ్రైవరు కాలరు రెండు మూడేళ్లలో చేసే పనిని ఆమ్లం కొద్ది నిమిషాల్లో చేసి చూపిస్తుంది. కొనేవాడు ఈ పరీక్ష ఎప్పటికీ చెయ్యడు. పాలియెస్టర్‌ను లేతగా వదిలేసి, ఆ లోటును పత్తి మీద ముదురు వాట్ రంగుతో కప్పేస్తే కొత్త తానులో ఎవరికీ తెలియదు, డిస్పర్స్ రంగు ఖర్చు కూడా కలిసొస్తుంది. మంచి మాస్టరు ముందు పాలియెస్టర్‌ను నిక్కచ్చిగా ఖాకీకి తెచ్చుకుని, ఆ తర్వాతే పత్తిని దానికి జత చేస్తాడు.

జత కుదిరిందనుకున్న ముక్కను లైట్ బాక్సులో పగటి వెలుగు దీపం కింద, దుకాణపు ట్యూబులైటు కింద, పసుపు బల్బు కింద మార్చి మార్చి చూస్తారు. ఖాకీ ఒక దీపం కింద పచ్చగా, ఇంకో దీపం కింద ఎర్రగా కనిపించే రకం. ఆమోదించిన నమూనాలో వాడిన వాట్ రంగుల్నే ప్రతి లాటులోనూ వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. అందుకని సరుకు అయిపోయినప్పుడు దగ్గరి రంగుతో సర్దుకోవడం కన్నా బండి ఆపుకోవడమే మేలంటారు తెలిసినవాళ్లు. అన్నీ సరిగ్గా నడిచినా తానుకూ తానుకూ వెంట్రుకవాసి తేడా వస్తుంది. ప్రతి తాను చివర నుంచి ముక్క కోసి, ఛాయల వారీగా గుంపులు కట్టి, గుంపు నంబరు వేసి పంపుతారు, చొక్కా ఒక గుంపులోంచీ ప్యాంటు ఇంకో గుంపులోంచీ కత్తిరించకుండా.