జనానాలోకి కెమెరా

పాతబస్తీలో పెళ్లి వీడియో మాట్లాడుకునేటప్పుడు రేటు రెండో ప్రశ్న. మొదటిది, "లేడీ వీడియోగ్రాఫర్ ఉన్నారా?" ఉన్నారంటే అక్కడితో అయిపోదు. పెళ్లికూతురి తల్లి ఇంకో మాట అడుగుతుంది. "తీసేది ఆపా (అక్క), సరే. మరి ఎడిటింగ్ ఎవరు చేస్తారు?"

అడగాల్సిన మాటే. చాలా నిఖాల్లో మగవాళ్లది మర్దానా, ఆడవాళ్లది జనానా, నడుమ ఓ పరదా. బయట బురఖా లేకుండా గడప దాటని వాళ్లు కూడా జనానాలో నగలు పెట్టుకుని, ముస్తాబై, ముఖం దాచుకోకుండా కూర్చుంటారు. పరదా దాటి మగవాడు లోపలికి రాడు. మెమరీ కార్డు మాత్రం బయటికి పోతుంది. ఏ శాలిబండ గల్లీలోనో, సంతోష్‌నగర్ మేడ మీదో ఓ కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫుటేజ్ అంతా ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తూ కట్ చేస్తాడు. అలాంటప్పుడు లేడీ వీడియోగ్రాఫర్‌ని వెతికి పెట్టుకుని ఏం లాభం?

ఈ చింత హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లోనే దీనికో దారి కనిపెట్టాడు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పీడబ్ల్యూడీ కొలువు చేసి ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మనిషి. పరదా పాటించే బేగంలు తన స్టూడియో మెట్లెక్కరని తెలుసు కాబట్టి, హైదరాబాద్‌లో వాళ్లకోసమే విడిగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల కెమెరా దగ్గర నిలబడింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ, ఆమెకు సాయంగా స్థానిక ఆడవాళ్లు. మగపురుగుకు ప్రవేశం లేదు. ఇప్పటి బుకింగుల్లో వినబడే 'లేడీస్ టీమ్'కు అప్పటి ఉదాహరణ కావాలంటే ఇంతకన్నా దగ్గరిది దొరకదు.

తర్వాత 1980లలో వీహెచ్‌ఎస్ వచ్చింది. కళ్లు చెదిరే ఫోకస్ లైటు, దాని వెనకాల వైరు పట్టుకుని నడిచే కుర్రాడు. అన్నలూ బావలూ జెద్దాలోనో దుబాయ్‌లోనో చిక్కుకుపోయిన ఇళ్లలో ఆ క్యాసెట్ వేడుక గుర్తు కోసం కాదు, సెలవు దొరకనివాళ్లకు పెళ్లి చూపించడం కోసం. అందుకే అందులో ప్రతి ముఖమూ ఉండాలి, ప్రతి దస్తర్‌ఖానూ ఉండాలి. 'ట్రెడిషనల్' అని ఇప్పుడు చిన్నచూపు చూసే ఆ నిదానమైన షూటింగ్‌కు అంత పని ఉండేది.

నిఖా తీయడంలో అసలు కష్టం వేరే ఉంది. ముఖ్యమైన ఘట్టం ఒకచోట జరగదు. ముందు వధువు తరఫు వకీలు, ఇద్దరు సాక్షులు పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి, వరుడి పేరు, మెహర్ ఎంతో చెప్పి సమ్మతి అడుగుతారు. ఎర్రటి ఖడా దుపట్టా కింద తల వంచుకున్న అమ్మాయి జవాబు పక్కనున్న తల్లికే సరిగ్గా వినబడదు. సంతకం పెడుతుంది. వాళ్లు మర్దానాకు వస్తారు, ఖాజీ ఖుత్బా చదువుతాడు, వరుడు కబూల్ అంటాడు, దువా, ఖర్జూరాలు, ఆలింగనాలు. పరదాకు అటొక కెమెరా, ఇటొక కెమెరా. 'లోపల అయిపోయింది, వస్తున్నారు' అని ఆపా ఫోన్లో చెప్పకపోతే ఇవతలివాడు స్టేజి పూలు తీసుకుంటూ ఉండిపోతాడు.

ఇక సెహ్రా. వరుడి ముఖం మీద మల్లెల దండలు తెరలా వేలాడుతుంటే, ముఖాలు పట్టుకునే ఆటోఫోకస్ వెళ్లి పూలను పట్టుకుంటుంది. కబూల్ అనే క్షణంలో పూలు స్పష్టంగా, మనిషి మసగ్గా. పని తెలిసినవాడు ముందే మాన్యువల్‌కు మార్చి, కళ్ల మీద ఫోకస్ పెట్టుకుని కూర్చుంటాడు. హాలు లైట్ల సంగతీ చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నప్పుడు షటర్ 1/50 దగ్గర ఉంచకపోతే కొన్ని ఎల్‌ఈడీల కింద బొమ్మ మీద చారలు పాకుతాయి. ఖాజీ మైకు నుంచి లైన్ తీసుకోలేదో, ఖుత్బా బదులు ప్లేట్ల చప్పుడు రికార్డవుతుంది. బుకింగ్‌కు వెళ్లినవాళ్లు మూడు నిమిషాల ట్రైలర్లు చూసి మురిసిపోతారు గానీ, ఈ కాలమిస్టు సలహా ఒకటే: ఏదో ఒక నిఖా పూర్తి వీడియో అడిగి, ఖుత్బా నుంచి దువా దాకా నడిచే పది నిమిషాలూ సౌండ్ పెట్టి చూడండి. పరాయి జనానా చూపించమని మాత్రం అడక్కండి. అడగ్గానే చూపించేవాడికి మీ ఇంటి పెళ్లి అస్సలు ఇవ్వకండి.

లాల్‌దర్వాజా, గౌలిపురా వైపు తెలుగు పెళ్లిళ్లలో పరదా గొడవ లేదు, వధూవరుల నడుమ తెరసెల్లా ఉంది. జీలకర్ర బెల్లం పెట్టే ఆ కాసేపట్లో వధూవరుల కన్నా ముందు ఫోన్లు పట్టుకున్న బాబాయిలు ఫ్రేములోకి వస్తారు. "కెమెరా వైపు కాదమ్మా, ఇటు చూడు" అని పంతులుగారి విసుగూ రికార్డవుతుంది.

మళ్లీ మెమరీ కార్డు దగ్గరికి వద్దాం. 100 ఎంబీపీఎస్‌తో 4కే తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరు గంటలు నడిస్తే 540 జీబీ. ఇదంతా ఎవరి హార్డ్ డిస్క్‌లో, ఎన్నాళ్లు ఉంటుంది? ఎడిటింగ్ కూడా ఆడవాళ్లతోనే చేయిస్తామని చెప్పే టీమ్‌లు ఇప్పుడు నగరంలో ఉన్నాయి. కొన్ని ఇళ్లవాళ్లు జనానా ఫుటేజ్‌ను ఎడిటింగే వద్దని, కార్డు నుంచి నేరుగా తమ డిస్క్‌లోకి కాపీ చేయించుకుంటారు. అదీ మంచిదే. తమాషా ఏమిటంటే, ఎడిటర్ గురించి ఇంత వాకబు చేసిన ఇంట్లోనే ఏ ఖాలా కూతురో అదే రాత్రి జనానా ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తుంది.

ఫుటేజ్ ఎవరిదన్న విషయంలో చట్టం పెళ్లివారి పక్షానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద గానీ వీడియో మీద గానీ హక్కు తీయించుకున్నవాళ్లదే, వేరే ఒప్పందం లేకపోతే. ఆ చివరి మాటలోనే ఉంది కిటుకు. బుకింగ్ ఫారం అడుగున చిన్న అక్షరాల్లో 'మా ప్రచారానికి వాడుకుంటాం' అని ఉండి, కింద సంతకం పెడితే అదే ఒప్పందం. రీల్ ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కాక పోట్లాడే కన్నా సంతకానికి ముందు ఆ లైన్ కొట్టేయించడం తేలిక. పాటల సంగతీ ఇలాంటిదే. పెళ్లి ఊరేగింపులో, వేడుకల్లో పాట వేసుకోవడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం 2023 జులైలో ఆ సంగతి మళ్లీ గుర్తుచేసింది. అదే పాటను వీడియోకు అతికించి యూట్యూబ్‌లో పెడితే మాత్రం ఈ మినహాయింపు ఆదుకోదు. సౌండ్ మాయమైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

డ్రోన్ మోజు ఉన్నవాళ్లకు ఒక్క ముక్క. డబ్బు తీసుకుని ఎగరేసే డ్రోన్ 250 గ్రాములు దాటితే, 2021 రూల్స్ ప్రకారం ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. చార్మినార్ పక్కన ఎగరేస్తానని ఊరించేవాణ్ని ముందు పోలీసు అనుమతి కాగితం అడగాలి.

డబ్బు తీసుకుని వీడియో ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్లు. కాకపోతే విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో గీసిచ్చిన అంకెలతో అక్కడ నెగ్గుకు రావడం కష్టం. తారీఖు, మొత్తం, జనానా వైపు వచ్చేదెవరు, హార్డ్ డిస్క్ ఎప్పుడిస్తారు అన్న నాలుగు ముక్కలు కనీసం వాట్సాప్‌లో రాయించుకుని, అవతలి నుంచి 'ఓకే' వచ్చాకే అడ్వాన్స్ ఫోన్‌పే చేయాలి.