గెలిచిన పిల్లా, ఎండిన చేనూ

సినిమా చూసి ఏడవటం సిగ్గుపడవలసిన పని అని మన అభ్యుదయవాదుల్లో కొందరి నమ్మకం. కన్నీళ్ళు ఆలోచనను ముంచేస్తాయని వారి వాదం. ఆ వాదంతో నేను ఏకీభవించలేను. ఏడవటం తప్పు కాదు. ఆ ఏడుపు మనల్ని ఎటు నడిపిస్తున్నదన్నదే చూడాలి. ఆటల సినిమాల విషయంలో ఈ విచారణ మరీ అవసరం. ప్రేక్షకుడి గుండె కరిగించటమే వాటి ప్రధాన వ్యాపారం గనుక.

భీమనేని శ్రీనివాసరావు దర్శకత్వంలో 2019 ఆగస్టులో వచ్చిన "కౌసల్య కృష్ణమూర్తి"ని తీసుకుందాం. అంతకు ముందు యేడు అరుణ్‌రాజా కామరాజ్ తమిళంలో తీసిన "కనా"కు ఇది తెలుగు రూపం. కథ చిన్నదే. కృష్ణమూర్తి రైతు, క్రికెట్ అంటే ప్రాణం. భారత జట్టు ఓడిపోతే కంట తడి పెట్టుకునే మనిషి. ఆ కన్నీళ్ళు చూసిన కూతురు కౌసల్య, దేశం తరపున తానే ఆడి తండ్రి మొహాన నవ్వు చూడాలనుకుంటుంది. ఊళ్ళో మగపిల్లలతో కలిసి ఆడుతుంది, నలుగురి మాటలూ పడుతుంది, చివరికి జట్టులో చేరుతుంది. ఈలోగా తండ్రి సేద్యం అప్పుల్లో కూరుకుపోతుంది. ఆస్ట్రేలియా మీద గెలిచిన తర్వాత ఆ పిల్ల తన గొప్ప చెప్పుకోదు. రైతు గోడు చెబుతుంది.

మన ఆలంకారికులు వీరానికి ఉత్సాహాన్నీ, కరుణకు శోకాన్నీ స్థాయీభావాలుగా చెప్పారు. ఆటల సినిమాలు మామూలుగా శోకాన్ని ఉత్సాహానికి మెట్టుగా వాడుకుంటాయి. పేదరికం ఎంత నల్లగా చూపిస్తే గెలుపు అంత తెల్లగా మెరుస్తుంది. అదే యేడు ఏప్రిల్‌లో వచ్చిన గౌతమ్ తిన్ననూరి "జెర్సీ" శిల్పంలో దీనికంటే ఎంతో మెరుగైనది. కొడుకు అడిగిన చొక్కా కొనటానికి 500 రూపాయలు పుట్టక ఒక తండ్రి పడే అవమానం అందులో వుంది. ఆ అంకె అంత చిన్నది కాబట్టే మనకు అంత లోతుగా తగులుతుంది. అయినా ఆ అవమానం ఒక వ్యక్తి పట్టుదలగా మారి అక్కడే ఆగిపోతుంది. "కౌసల్య కృష్ణమూర్తి" అలా ఆగదు. గెలుపునే మెట్టుగా చేసుకుని మనల్ని మళ్ళీ చేని గట్టుకు తీసుకువస్తుంది. ఈ సినిమా సాధించిన మేలు ఇదే. దీన్ని తక్కువ చెయ్యటం న్యాయం కాదు.

అయితే చేని గట్టు దాకా తీసుకువచ్చి, అక్కడ మనకు ఏం చూపించింది?

మా విద్యార్థులతో కలిసి ఈ సినిమా చూశాను. చివర అందరి కళ్ళూ చెమర్చాయి. నావి కూడా. లేచి వస్తుండగా, చెనక్కాయ పండించే ఇంటి పిల్ల ఒకమ్మాయి అడిగింది: "ఆ యమ్మి గెలిచింది సరే సార్. గెలవకపోయింటే వాళ్ళ నాయిన అప్పు సంగతేమి?"

ఈ ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు. సుమారు 550 మిల్లీమీటర్ల సాలువాన మీద ఆధారపడిన నేల మాది. అది కూడా సమయానికి పడదు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే చెట్టు పచ్చగానే వుంటుంది, కింద కాయ వుండదు. విత్తనానికి బంగారం కుదువ పెట్టిన రైతుకు ఆ పచ్చదనం వడ్డీ కట్టదు. వాన, ధర, వడ్డీ ఈ మూడూ కలిసి చేసిన అప్పును సినిమా ప్రేక్షకుల దయకు అప్పగించి ముగించింది. రైతును ప్రేమించమన్నది. మంచిదే. కాని ప్రేమ లేక వచ్చిన అప్పు కాదది.

ఆటకు కూడా ఈ మాటే వర్తిస్తుంది. తపన వుంటే చాలునన్నది ఇటువంటి సినిమాల నీతి. మా నార్పల మండలంలోని బండ్లపల్లిని చూడండి. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్‌సింగ్ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించిన ఊరు అది. పని దొరకటమే ఒక పథకం కావలసి వచ్చిన నేల అన్నమాట. సేద్యం మీద బతికే ఇంట్లో పుట్టిన ఆ ఊరి పిల్ల బారెడ్డి అనూష 2023 జూలైలో మీర్పూరులో బంగ్లాదేశ్ మీద భారత మహిళల జట్టు తరపున ఆడింది. సినిమా కల్పించిన కథ నాలుగేళ్ళకు మా జిల్లాలోనే నిజమైంది!

అనూషకు తపన లేదని ఎవరంటారు? కాని ఆ తపనకు అనంతపురంలో ఒక మైదానం దొరికింది, నేర్పేవాళ్ళు దొరికారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మైదానం అది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు జరిగింది కూడా అక్కడే. ఆ సంస్థ చేసిన మేలును నేను కాదనను. కాని దాతల డబ్బుతో వెలసిన మైదానం ఎన్ని ఊళ్ళకు అందుతుంది? అందని ఊళ్ళ పిల్లలకు తపన తక్కువా? ఒక్క పిల్ల గెలుపు చూపించి మిగతా పిల్లల ఓటమిని వాళ్ళ తప్పుగా మార్చే ప్రమాదం ఈ కథలన్నిటిలోనూ వుంది.

కనుక ఇటువంటి సినిమాలు చూడవద్దని విద్యార్థులకు చెప్పను. కళ్ళు తుడుచుకోవటానికి సిగ్గుపడమనీ చెప్పను. ఆ అమ్మాయి కూడా ఏడ్చింది. ఏడ్చింది కాబట్టే ఆ తండ్రి అప్పు తన ఇంటి అప్పులా తోచి, అడగగలిగింది. తరగతిలో పాఠం చెప్పే మనం కాపాడవలసినది ఆ ప్రశ్ననే.