గృహిణికి రిటైర్మెంటు లేదు: అమెరికా అమ్మల కథలూ, కాగితాలూ

అమెరికా వెళ్ళిన అమ్మానాన్నల మీద తెలుగులో కథలకు కొదవలేదు. హ్యూస్టన్ నుంచి వంగూరి ఫౌండేషన్ తెచ్చిన అమెరికా తెలుగు కథల సంకలనాల్లో, తానా సావనీర్లలో, ఇక్కడి ఆదివారం అనుబంధాల్లో పాతికేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. వాటిలో రెండు మూసలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకదానిలో అమ్మ బంగారు పంజరంలో చిలక. కిటికీలోంచి మంచు చూస్తూ ఊళ్ళో వేపచెట్టును తలుచుకుంటుంది. రెండోదానిలో మనవడు తెలుగులో "అమ్మమ్మా" అని పిలవగానే ఆమె కష్టాలన్నీ గట్టెక్కుతాయి. రెండింట్లోనూ కావలసినంత కన్నీరుంటుంది. ఆమె ఫైలు మాత్రం ఉండదు. "వీసా వచ్చింది" అన్న ఒక్క వాక్యంతో రచయిత ఆమెను విమానం ఎక్కించేస్తాడు. ఆ వాక్యం వెనక ఏముందో చూడనందువల్ల మన కథల్లో చాలా భాగం చట్టం చేసిన పనిని కోడలి గుణంగా, కొడుకు కృతఘ్నతగా, అమ్మ చాదస్తంగా రాశాయని నా అభియోగం.

నేను తెనాలిలో ఉంటాను. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక మా వీధివాళ్ళూ, బాపట్ల, రేపల్లె చుట్టాలూ "కాస్త ఈ ఫారం చూసిపెట్టమ్మా" అంటూ ఫైళ్ళు పట్టుకొస్తుంటారు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరవకముందు ఇటువైపు వాళ్ళు రైలెక్కి మద్రాసు వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు నానక్‌రాంగూడ వెళుతున్నారు. సాహిత్యం చదివే అలవాటు కొద్దీ నేను ఆ ఫైళ్ళనూ పాఠాలుగానే చదువుతాను. ఫైలుకీ ఒక కథకుడుంటాడు, ఒక నాయకుడుంటాడు, రాయడానికి చోటివ్వని మాటలుంటాయి.

వీసా కోసం నింపే డిఎస్-160 ఫారంలో వృత్తి అనే గడి ఉంది. అందులో ఎంచుకోవడానికి ఇచ్చిన మాటల్లో 'రిటైర్డ్' ఒకటి, 'హోమ్‌మేకర్' ఒకటి. భార్యాభర్తల ఫారాలు పక్కపక్కన పెట్టుకుని నింపుతుంటే ఈ రెండు మాటలే నాకు పెద్ద కథ చెబుతాయి. ఆయన ముప్పై అయిదేళ్ళు ఆఫీసుకు వెళ్ళి మానేశాడు కాబట్టి రిటైర్డ్. ఆవిడ యాభై ఏళ్ళు పిల్లల్నీ, అత్తమామల్నీ, పాడినీ చూసింది. డెబ్భయ్యో ఏట కూడా ఆమె హోమ్‌మేకరే. ఫారం తెలియకుండానే నిజం చెబుతోంది. ఆవిడ వెళుతున్నది కూతురి పురిటికి. ఆమె ప్రయాణం తేదీని నిర్ణయించేది ఆమె మోకాళ్ళు కాదు, కూతురి తొమ్మిదో నెల.

ఆమెకిచ్చే బి-2 వీసాను వర్ణించడానికి అమెరికా చట్టం వాడిన మాట 'ప్లెజర్'. తాత్కాలికంగా ఉల్లాసం కోసం వచ్చిన మనిషి అన్నమాట. రాత్రి రెండింటికి పాలసీసాలు మరిగించడం, బాలింతకు పథ్యం వండటం, పగలంతా పసిగుడ్డును ఒళ్ళో వేసుకోవడం, ఇవన్నీ ఆ ఉల్లాసంలో భాగం. ఇంటి చాకిరీని పనిగా గుర్తించరని మనం దశాబ్దాలుగా అంటున్నాం. ఇక్కడ చట్టమే దానికి విహారమని పేరు పెట్టింది. వీసా స్టాంపు మీద పదేళ్ళని ఉన్నా, ఒక్కో రాకకు ఉండనిచ్చేది సాధారణంగా ఆరు నెలలు. ఆ ఆఖరి తేదీ ఉండేది ఐ-94లో. విమానంలో వచ్చేవాళ్ళకు 2013 నుంచి అది కాగితంగా కూడా చేతికి రావడం లేదు, కంప్యూటరులో చూసుకోవాలి. తాను ఎప్పుడు వెళ్ళిపోవాలో తెలుసుకోవడానికి ఆమె కొడుకునో అల్లుణ్ణో అడగాలి.

ఇప్పుడు మన కథల్లో అందరికీ పరిచయమైన ఆ వంటగదిలోకి వెళదాం. అత్తగారు గిన్నెలు సర్దుతుంటుంది, కోడలు ముభావంగా తిరుగుతుంటుంది. ఉప్పు డబ్బా దగ్గర మొదలైన గొడవ చివరికి "ఈ ఇల్లు నాది" అన్న మాట దాకా వెళుతుంది. కథకుడు అత్తగారి పక్షం వహించి కోడలి స్వార్థాన్ని ఎత్తిచూపుతాడు. ఆ కోడలి పాస్‌పోర్టు తెరిస్తే చాలాసార్లు హెచ్-4 కనిపిస్తుంది. ఎంటెక్ చదివినా, ఇక్కడ ఉద్యోగం మానుకుని వెళ్ళినా, 2015 మే దాకా ఆ వీసా మీద ఉన్న భార్యకు ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే ఆ హక్కు వస్తుంది. ఒక్కో దేశానికి ఏటా 7 శాతం అన్న పరిమితి వల్ల మనవాళ్ళ వరస ఏళ్ళకేళ్ళు సాగుతుంది. అంటే ఆ వంటగదిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే మగవాడి ఉద్యోగం మీద ఆధారపడి ఆ దేశంలో నిలబడ్డవాళ్ళు. ఒకరికి ఆరు నెలల గడువు, ఇంకొకరికి ఎప్పుడు తీరుతుందో తెలియని గడువు. ఆ ఇల్లు ఇద్దరిదీ కాదు. కథ మాత్రం ఇద్దరినీ ఉప్పు డబ్బా కోసం కొట్లాడించి ఊరుకుంది. ఆ గొడవ అబద్ధమని నేననడం లేదు. దాని మూలం ఎక్కడుందో చెప్పకుండా దాన్ని ఆడవాళ్ళ సహజ స్వభావంగా చూపడం అన్యాయమంటున్నాను.

వీసా దాకా వెళ్ళకముందే ఆమె అస్తిత్వానికి ఇంకో పరీక్ష ఉంటుంది. రేపల్లె పిన్ని సంగతి చెబుతాను. ఆమె 1946లో అమ్మమ్మగారింట్లో మంత్రసాని చేతుల్లో పుట్టింది. జననమరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. కాబట్టి ఆమెకు ముందుగా కావలసింది, పుట్టిన సర్టిఫికెట్ లేదు అని చెప్పే సర్టిఫికెట్. అయిదో తరగతి రికార్డులో ఆమెది పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో మెట్టింటి ఇంటిపేరు. భర్త పోయాక వచ్చిన పెన్షను కాగితంలో పేరు చివర 'అమ్మ' ఎగిరిపోయింది. ఈ ముగ్గురు స్త్రీలూ ఒక్కరే అని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేయాలి. ఆమె పుట్టినప్పుడు రేపల్లె మద్రాసు ప్రెసిడెన్సీలో గుంటూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు అక్కడే ఉంది. పుట్టిన చోటు ఏ పేరుతో రాయాలన్నది ప్రతి ఫారంలోనూ కొత్త ప్రశ్నే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంకో విచిత్రం జరుగుతుంది. అమెరికా వీసా మీద ఆమె పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరుండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యు' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. డెబ్భై ఏళ్ళు ఫలానావారి కూతురుగా, ఫలానావారి భార్యగా బతికిన మనిషిని ఏమని పిలవాలో రాజ్యానికి తెలియడం లేదు.

అలాగని కాగితాన్ని శత్రువుగా మాత్రమే చూడటం కూడా నాకు సమ్మతం కాదు. ఆ పాస్‌పోర్టు కోసమే పిన్ని వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకుంది. తన ఫోటోతో, తన పేరు మీద ఒక పుస్తకం ఆమె చేతికి రావడం అదే మొదలు. పైగా ఆమెకు గ్రీన్‌కార్డు తెప్పించింది కూతురు. కూతురింట్లో ఉండటం తప్పని నమ్మే మన పల్లెల్లో ఇది చిన్న మార్పు కాదు. తల్లిని పోషిస్తానని ప్రభుత్వానికి రాసిచ్చే ఐ-864 పత్రం, రాసేది కొడుకా కూతురా అని చూడదు. పౌరసత్వం ఉన్న బిడ్డ తల్లి కోసం దరఖాస్తు చేస్తే తన జనన పత్రంలో ఆమె పేరుంటే చాలు. తండ్రి కోసమైతే మామూలుగా తల్లిదండ్రుల వివాహ పత్రం కూడా అడుగుతారు. మన దేశంలో ఇందుకు తలకిందుల వాదన నడిచింది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరు మీద బాండ్లు కొనడానికి తల్లిగా సంతకం పెడితే చెల్లదన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళి, తండ్రి బతికుండగా కూడా తల్లి సంరక్షకురాలు కాగలదన్న తీర్పును 1999లో సాధించింది. ఒక నవలాకారిణి ఒక దరఖాస్తు గడిని ఎంత పట్టించుకుందో మన విమర్శ గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఆ ఐ-864లోనే ఇంకో లెక్క ఉంది. బిడ్డ పూచీ తీరాలంటే తల్లి పౌరురాలన్నా కావాలి, సుమారు పదేళ్ళ పనికి సరిపడే నలభై క్వార్టర్లన్నా ఆమె ఖాతాలో పడాలి. జీతమిచ్చే పనే ఆ లెక్కకు పనికొస్తుంది. మనవల్ని పెంచిన పదేళ్ళు రావు. పౌరసత్వానికి ఇంగ్లీషు పరీక్ష ఉంది. యాభై అయిదేళ్ళు దాటి, గ్రీన్‌కార్డుతో పదిహేనేళ్ళు ఉన్నవాళ్ళు మాత్రం తమ భాషలో జవాబు చెప్పుకోవచ్చు. అరవై ఎనిమిదో ఏట కార్డు వచ్చిన తెలుగు స్త్రీకి తెలుగులో మాట్లాడే వీలు ఎనభై మూడో ఏట వస్తుంది. వైద్య కారణం చూపితే మినహాయింపు ఉంది, అంటే తన మతిమరుపును డాక్టరు చేత రుజువు చేయించుకోవాలి. మాతృభాష గురించి మనం రాసే వ్యాసాల్లో ఈ అంకె ఎక్కడా కనిపించదు.

బాపట్లలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఒక అక్క ఉంది. కొడుకు గ్రీన్‌కార్డు తెప్పించాడు. ఏడాదికి మించి బయట ఉంటే కార్డు నిలవదు. ముందే రీఎంట్రీ పర్మిట్ కావాలి, అది అడగడానికి మళ్ళీ అమెరికాలోనే ఉండాలి. ఇక్కడేమో పెన్షనుకు ఏటా బతికే ఉన్నానని రుజువు చూపాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో అయిపోతుందన్నారు, బట్టలుతికి అంట్లు తోమి అరిగిన వేళ్ళను మిషను సులభంగా ఒప్పుకోదు. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం కూడా ఇక్కడే ఉంది. అయిదేళ్ళు తిరిగాక ఆమె ఐ-407 నింపి కార్డు తిరిగిచ్చేసింది. బంధువులంతా కోడలితో పడలేదనుకున్నారు. నేనడిగితే, "పడకపోవడమేం లేదే. అక్కడ నేను వాడి ఫైల్లో ఒక కాగితాన్ని. ఇక్కడ నా పెన్షనుకి నేను సంతకం పెడతాను" అంది. తర్వాత విజిటరుగా వెళ్ళి కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చింది. రేపల్లె పిన్ని ఉండిపోయింది, బాపట్ల అక్క వదులుకుంది. ఇద్దరూ ఆలోచించే నిర్ణయించుకున్నారు. మన కథల మూసల్లో ఈ ఇద్దరికీ చోటులేదు. అక్కడ అమ్మ బాధపడుతుంది, లేదా మురిసిపోతుంది. ఆమె లెక్కలు వేసుకోదు.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడు, తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీలను కూర్చోబెట్టి వాళ్ళ మాటల్లోనే చెప్పించారు. రికార్డు వదిలేసినదాన్ని గొంతు పూరించింది. అమెరికా అమ్మల విషయంలో మనకు గొంతు మీద చాలా కథలున్నాయి, రికార్డు మీద లేవు. రెండూ పక్కపక్కన పెట్టి చదివే పని విమర్శకులది. కథలో వీసా నిబంధనలు నింపమని నేను రచయిత్రులను కోరడం లేదు. ఆ ఫారం ఎవరు నింపారు, ఎవరి పేరు మీద, ఏ గడి దగ్గర ఆమె ఆగింది అని అడగమంటున్నాను. అలా అడిగితే కోడలి ముభావానికీ, అమ్మ మౌనానికీ, "ఎప్పుడు వెళతారత్తయ్యా" అన్న ప్రశ్నకూ మనం ఇన్నాళ్ళూ ఇచ్చుకున్న అర్థాలు మారతాయి.